ఇంకా మనిషికి ఎక్కించలేదు

రాఖీ పండుగకు నేను బోధన్ పోకుండా ఉండి ఉంటే, పోయినా ఫోన్లో ఆ వీడియో చూపించకుండా ఉండి ఉంటే, మా ఇల్లు ఇట్లా అయ్యేది కాదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. అననీ. కొడుకు మీద పడాల్సిన మాటను ఆమె ఎక్కడో ఒకచోట దింపుకోవాలి. దింపుకోవడానికి ఆడపిల్లను నేనున్నాను.

హైదరాబాద్‌లో ఒక ల్యాబులో నా ఉద్యోగం. మనిషి రక్తకణాలను శరీరం బయట పెంచి, వాటి నుంచి ప్లేట్‌లెట్లు రాబట్టడం మా పని. ఈ ఒక్క సంగతి మా ఇంట్లో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం ఉద్యోగం చేయడం కంటే కష్టం. ఆ రాఖీ రోజు చెప్పగలిగాననే అనుకున్నాను.

శివన్నకు రాఖీ కట్టి, నోట్లో లడ్డూ పెట్టి కూర్చున్నాక అమ్మే అడిగింది.

"ఇంతకు నువ్వు జేసే కొలువేందో జర సక్కగ సెప్పు బిడ్డా. గల్లీల అందరు అడుగుతున్రు. నేనేం సెప్పాలె?"

ఫోన్ తీసి వీడియో పెట్టాను. అమ్మ, అన్న, బీడీల చాట పక్కన పెట్టి వచ్చిన వదిన సుమలత, వాళ్ళ మధ్యలో దూరిన అన్న కూతురు వినీత, అందరి తలలూ ఆ తెర మీదికి వంగాయి. మైక్రోస్కోపు కింద ఒక పెద్ద కణం. కాసేపటికి దాని ఒంటి నుంచి సన్నని పోగులు సాగాయి. ఆ పోగులు తునకలు తునకలుగా తెగి కొట్టుకుపోయాయి.

"గా తునకలే ప్లేట్‌లెట్లు. దెబ్బ తాకితె నెత్తురు ఆపేటియి గవే. డెంగీ అస్తె పడిపోయేటియి గవే," అన్నాను. "మన ఒంట్ల ఒక్క పెద్ద కణం వేలకు వేలు తునకలు ఇడుస్తది. మా గిన్నెల ఏస్తె గదే కణం పిసినారి లెక్క ఏవో కొన్ని ఇడిసి ఊకుంటది. ఎక్కువ ఎట్ల ఇడిపియ్యాలె అన్నదే మా పని. ఊకె పెట్టేదానికన్న సుడి తిరిగేటట్టు కలుపుతుంటె ఎక్కువ అస్తున్నయ్."

"సల్ల సిలికినట్టా?" అంది వదిన.

"గట్లనే అనుకో."

"ఎక్కువ సిలికితె?"

"ఖరాబైతయ్."

మా ప్రొఫెసరు అడిగే ప్రశ్న అది. బీడీలు చుట్టే మా వదిన అడిగిందని నేను ఆశ్చర్యపోలేదు. ఆమె ఏదైనా విన్నదంటే చివరిదాకా వింటుంది. మా ఇంట్లో ఆ అలవాటు ఆమె ఒక్కదానికే ఉంది.

"ఎవ్వలకన్న ఎక్కిచ్చిన్రా మరి?" అంది మళ్ళీ.

"ఇంకా మనిషికి ఎక్కియ్యలే వదినె. చాన ఏండ్ల పని."

వదిన తలూపింది. అమ్మ ఆ మాట వినడానికి అక్కడ లేదు. అప్పటికే గడపలో నిలబడి ఎదురింటి పెంటవ్వకు కేక వేస్తోంది. "మా సుష్మ మిషన్ల నెత్తురు తయారు జేస్తదట పెంటవ్వా. ఇగ దునియల ఎవ్వలకు రంది లేదు."

నేను నవ్వుకున్నాను. అమ్మ గొప్పలకు నవ్వడం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

వినాయక చవితి నాటికి బోధన్‌లో ఇంటికొక జ్వరం మంచం పడింది. ఆ ఏడు వాన విడవలేదు. మోరీలు నిండి వీధి మీదికొచ్చాయి. మా గల్లీ మండపానికి ఆ సంవత్సరం అన్ననే అధ్యక్షుడు. తన సెల్‌ఫోన్ల దుకాణం షట్టరు దించి చందాలు, డీజే, టార్పాలిన్ అంటూ తిరుగుతున్నాడు. వదినకు ఒళ్ళు కాలుతోందని అమ్మ ఫోన్లో చెప్పింది. ఆర్‌ఎంపీ గోలీలిచ్చాడని, బొప్పాయి ఆకు పసరు తాగిస్తున్నామని చెప్పింది. రెండు రోజుల తర్వాత తనే సంతోషంగా ఫోన్ చేసింది.

"జెరం తగ్గింది బిడ్డా. ఇగ భయం లేదు. లేసి బీడీలు సుడుతున్నది."

డెంగీలో జ్వరం తగ్గినప్పుడే అసలు గండం మొదలవుతుందని, వెంటనే నిజామాబాద్ తీసుకపోయి చూపించమని అరిచాను. మరునాడు తీసుకపోయారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయి, ఇప్పటికైతే ఎక్కించే అవసరం లేదు గానీ దాతను సిద్ధంగా పెట్టుకోండి అన్నాడు డాక్టరు. వదినది బి పాజిటివ్. అన్నది కూడా అదే. పెళ్ళిలో ఈ ఒక్క జాతకమైనా కలిసిందని నేను గతంలో వాళ్ళను ఏడిపించేదాన్ని.

నేను సెలవు పెట్టి బయలుదేరేలోపు అక్కడ జరగాల్సింది జరిగిపోయింది. మండపం పిల్లలు ఆటో మాట్లాడుకొని, అదే గ్రూపు వాళ్ళను వెతికి మరీ ఆస్పత్రికి వచ్చారట. వాళ్ళలో ఎవరి రక్తాన్నయినా పరీక్షించి పేరు రాసుకుంటే సరిపోయేది. మా అమ్మ వాళ్ళను మెట్ల దగ్గరే ఆపింది. "మీకెందుకయ్యా కష్టం, మా సుష్మ తయారు జేసినయి తెస్తున్నది," అని చెప్పి, చాయ్ తాగించి పంపించింది. అన్న పక్కనే ఉన్నాడు. కాదనలేదు.

నేను వార్డు వరండాలో అడుగుపెట్టగానే అమ్మ నా మొహం చూడలేదు. నా చేతులు చూసింది.

"డబ్బ ఏదే?"

"ఏం డబ్బ?"

"మంచుపెట్టె. దాంట్లనే వెట్టి తేవాలెనట గద. బ్లడ్డు బ్యాంకోళ్ళు తేంగ నేను సూసిన."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఒళ్ళు మండిపోయింది.

"అవ్వా, అవి మనుషులకు ఎక్కిచ్చేటియి గావు. ఇంకా మనుషుల మీద పరీక్షనే కాలే. మా ల్యాబుల ఇప్పటిదాక జేసినయన్ని కలిపినా వదినె ఒక్కదానికి సాలయ్."

"మనుషుల కణాలే అంటివి గద."

"మనుషులయే. అయినా ఎక్కియ్యద్దు. పర్మిషన్ లేదు."

"పర్మిషన్ లేదా, ఇయ్యబుద్ధి గాదా?" అంది అమ్మ. "ఇంట్ల మనిషికి ఇయ్యనిది ఇంకెవ్వలకిస్తవే?"

వరండాలో కూర్చున్న వాళ్ళంతా నా వైపు తిరిగారు. దొంగసరుకు దాచుకున్న దానిలా నిలబడ్డాను. చదువుకున్నందుకు నాకు మా వాళ్ళ మధ్య ఎప్పుడూ సిగ్గు కలగలేదు. ఆ రోజు కలిగింది, దాని వెనకే కోపమూ వచ్చింది.

"అన్నది గదే గ్రూపు. అన్న ఇస్తడు. మిషన్ మీద గంటన్నర పండుకుంటె అయిపాయె."

"ఆఁ, మిషన్ల జేసినయి ఉండంగ మొగపిల్లగాని నెత్తురు గుంజుతరా? అసలే వాని పానం బాగుంటలేదు. ఒక్కగానొక్కడు."

ఆ ఒక్కగానొక్కడు మొన్నటిదాకా మండపం గుంజలు భుజాన మోసినవాడు. గోడకు ఆనుకొని ఫోన్ చూసుకుంటూ, "రేపు సూద్దాం తియ్యి. డాక్టర్ గూడ ఇప్పుడే అక్కర లేదన్నడు గద," అన్నాడు. సూది అంటే అన్నకు భయమని నాకు తెలుసు. బడిలో టీకాలు వేసే రోజు చెరుకు తోటలో దాక్కునేవాడు. కానీ అప్పుడు వాడి వయసు వేరు. ఇప్పుడు లోపల మంచం మీద ఉన్నది తన పెళ్ళాం కదా, రేపటికి ధైర్యం తెచ్చుకుంటాడులే అనుకున్నాను.

లోపల వదిన కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వబోయింది. పళ్ళ మధ్య ఎర్రగా కనబడింది. "అవ్వకు నేను సెప్పిన, గవి ఇంకా ఎవ్వలకు ఎక్కియ్యలేదట అని. ఇనలే," అంది. నా తరఫున మాట్లాడింది ఆమె ఒక్కతే.

రేపు అంటే నిమజ్జనం.

పొద్దున డాక్టరు చూసి, చిగుళ్ళ నుంచే కాదు లోపల కూడా రక్తం పోతోంది, ఇక ఆగలేము, సాయంత్రంలోపు ఒక సంచి తెండి అన్నాడు. బ్లడ్ బ్యాంకులో సరుకు లేదు. జిల్లా అంతా ఆ నెల ప్లేట్‌లెట్ల కోసమే నిలబడి ఉంది. హైదరాబాద్‌లో నా స్నేహితులకు ఫోన్ చేశాను. అక్కడా నిమజ్జనమే. సంచి దొరికినా దారులన్నీ మూసి ఉన్నాయి, రాత్రికి గానీ బయటపడలేం అన్నారు. నాది ఏ పాజిటివ్. నా రక్తం ఆమెకు పనికిరాదు, నా ఉద్యోగం అంతకంటే పనికిరాదు.

వదినతో బీడీలు చుట్టే ఆడవాళ్ళు పెంటవ్వను ముందు పెట్టుకొని బస్సెక్కి వచ్చారు. పిలవకుండా వచ్చారు. బ్లడ్ బ్యాంకులో వేళ్ళు గుచ్చి చూశారు. ఒక్కరి ఒంట్లోనూ ఇవ్వగలిగినంత రక్తం లేదు. మీకే ఎక్కించాలమ్మా అంది అక్కడి టెక్నీషియన్. పెంటవ్వ గుచ్చిన వేలిని కొంగుతో ఒత్తి పట్టుకొని, తప్పు చేసినదానిలా గోడవారగా కూర్చుంది. అమ్మ ఎవరి వైపూ చూడటం లేదు.

ఇక మిగిలింది అన్న. నేను చెయ్యి పట్టుకొని తీసుకపోయాను. టెక్నీషియన్ పేరు శిరీష అని ఆమె కోటు మీద ఉంది. అలిసిపోయిన గొంతుతో, రోజూ అడిగేవే అడిగింది. రాత్రి నిద్రపోయారా, ఏమైనా మాత్రలు వేసుకున్నారా, పచ్చకామెర్లు వచ్చాయా. అన్న అన్నిటికీ సరిగ్గానే జవాబు చెప్పాడు.

"మందు తాగిన్రా?"

"తాగిన," అన్నాడు అన్న.

"ఎప్పుడు?"

"పొద్దుగాల. నిమజ్జనం గద మేడం."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. తాగితే తీసుకోరు, ఒక రోజైనా ఆగాలి. బయట బోర్డు మీదే రాసి ఉంది. అన్న ఆ బోర్డు కింద కూర్చొని పొద్దుటి నుంచి చదువుతూనే ఉన్నాడు.

అన్న తాగలేదు. తెల్లవారి నుంచి నా పక్కనే ఉన్నాడు. నేను తెచ్చిన చాయ్ తప్ప ఇంకేమీ నోట్లో పోసుకోలేదు. అసలు కిందటి దసరాకు వదిన అన్నం మానేసి కూర్చుంటే, వినీత నెత్తిన చెయ్యి పెట్టి ఇక ముట్టనని ఒట్టేశాడు. అప్పటి నుంచి ముట్టలేదు. వదినకు పెళ్ళయ్యాక దొరికిన సుఖం ఏదైనా ఉందంటే అదే. నలుగురిలో కూర్చున్నప్పుడు, మా ఆయన తాగడు అని ఏదో వంకతో ఒక్కసారైనా అనేది.

"ఈయన తాగలే మేడం," అన్నాను.

శిరీష మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇట్లాంటి మొగుళ్ళను ఆమె చాలామందిని చూసి ఉంటుంది. "తాగినా తాగకపోయినా, ఇష్టం లేనోళ్ళ దగ్గర మేము తీసుకోమమ్మా," అంది మెల్లగా.

అన్న నా వైపు చూడలేదు. నుదురు తుడుచుకొని, బెంచీ మీద మళ్ళీ తన చోటికి పోయి కూర్చున్నాడు. పరీక్ష తప్పించుకున్న పిల్లవాడిలా ఊపిరి తీసుకున్నాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. కొట్టడానికి కూడా టైం లేదు. అన్న ఫోన్ లాక్కొని బయటికొచ్చి, మండపం పిల్లలందరికీ వరసగా చేశాను.

ఒకరికి డీజే మోతలో నా మాట వినబడలేదు. ఒకరు వినబడినా నాలుక తిరగక ఏదో అన్నారు. ఒకడు ఏడ్చాడు, వదిన దేవత అని ఏడ్చాడు, వాడూ తాగే ఉన్నాడు. రెండు రోజుల కింద ఆటోలో వచ్చినప్పుడు వీళ్ళందరి ఒంట్లోనూ మంచి రక్తమే ఉంది. చివరికి విష్ణు ఎత్తాడు. చెరుకు ట్రాక్టరు తోలేవాడు. దేవుణ్ణి ఆ రోజు వాడి ట్రాలీ మీదే పెట్టారు.

"నేను తాగలేక్కా. పోలీసోళ్ళు డ్రైవర్లకు పైపు వెట్టి ఊదిపిస్తున్రు. అందుకే ముట్టలే."

"నీది బి పాజిటివే గద?"

"గదే. మొన్న ఆటోల అచ్చినోళ్ళల్ల నేను గూడ ఉంటి. అవ్వనే అద్దన్నది."

"ఇప్పుడు రాగల్గుతవా విష్ణూ?"

డీజే మోత కొంచెం దూరమైంది, వాడు పక్కకు జరిగినట్టున్నాడు.

"దేవుడు బండి మీద ఉన్నడక్కా."

నేను దేవుణ్ణి దింపమని చెప్పలేను, ఉంచమనీ చెప్పలేను. ఫోన్ చెవికి ఆనించుకొని ఊరికే నిలబడ్డాను.

"వదినకు ఎట్లుంది?" అన్నాడు.

"బాలేదు."

"సరే. అస్తున్న."

ట్రాక్టరు బస్టాండు ముందు ఆపి, తాళంచెవి జేబులో వేసుకొని వచ్చేశాడట. బండి మీద వినాయకుడు, కింద ఎగిరే పిల్లలు, వెనక ఆగిపోయిన మిగతా ఊరేగింపు. ఎవడో బూతులు తిట్టాడు, ఎవడో కాలర్ పట్టుకున్నాడు. ఎవరిదో మోటార్‌సైకిల్ తీసుకొని ఎడపల్లి మీదుగా వచ్చాడు. నిజామాబాద్‌లోనూ దారులు మూసి ఉంటే ఊరి బయటే బండి పెట్టి నడిచాడు. గులాల్ అంటిన చొక్కాతో బ్లడ్ బ్యాంకులోకి వస్తే శిరీష ముందు మొహం కడుక్కోమంది.

మిషన్ తిరుగుతుంటే వాడు తల తిప్పి పైన వేలాడే సంచి చూశాడు.

"నెత్తురంటిరి. పసుపు నీళ్ళ లెక్క ఉన్నది గదక్కా."

"గట్లనే ఉంటయ్."

"మీ ల్యాబుల గూడ గిట్లనే అస్తయా?"

"గిట్లనే అస్తయ్. గింత రావు."

నిజంగానే రావు. అంత కాలంగా గిన్నెలు తిప్పుతున్నదాన్ని, నిండిన సంచిని అంత దగ్గరగా అప్పుడే చూశాను. మేమంతా కలిసి రాబట్టలేనిది ఒక ట్రాక్టరు డ్రైవర్ పడుకొని, కాలు ఊపుకుంటూ ఇచ్చేస్తున్నాడు. నాకు ఏడుపొచ్చింది. సంతోషమో, అసూయో, అన్న మీద కోపమో తెలియదు, అన్నీ కలిసే వచ్చాయి.

చీకటి పడేలోపు సంచి ఎక్కించారు. తెల్లవారేసరికి రక్తం కారడం ఆగింది. వదిన బతికింది.

మా వినాయకుడు మరునాడు మధ్యాహ్నం దాకా బస్టాండు ముందే ఉన్నాడు. మండపం పిల్లలు విష్ణుతో మాట్లాడటం మానేశారు. అధ్యక్షుడు కూడా వాళ్ళతో ఒక్క మాట అనలేదు.

వదిన ఇంటికొచ్చాక చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళకూ అమ్మ ఒకటే కథ చెప్పింది. ముందు సుష్మ తెస్తానని తేలేదు. ఇక కొడుకు ఇద్దామంటే పండుగ కాబట్టి అప్పటికే ఇంత పుచ్చుకొని ఉన్నాడు. మొగపిల్లలు, పండుగపూట తాగరా మరి. విన్నవాళ్ళు తలూపారు. నిజమే, తాగుతారు. అందులో ఎవరికీ తప్పు కనబడలేదు. నేను తెస్తానని ఎన్నడూ అనలేదని చెప్పబోతే, ఇప్పుడు గవన్ని ఎందుకే అంది అమ్మ. నేను హైదరాబాద్ వెళ్ళిపోయాను.

మళ్ళీ వచ్చింది పెత్రమాసకు, పెద్దల అమావాస్యకు. నాన్న పోయినప్పటి నుంచి ఆ రోజు ఆయన పేరున బియ్యం ఇస్తాం. అదే రోజు బతుకమ్మ మొదలు. వదిన ఇంకా తేరుకోలేదు, గోడకు ఆనుకొని తాంబాళంలో తంగేడు పూలు పేరుస్తోంది. నేను గునుగు పూలు కట్టలు కట్టి అందిస్తున్నాను. వినీత ఆమె తొడ మీద తల పెట్టుకొని నిద్రపోయింది. అమ్మ బియ్యం ఇవ్వడానికి అయ్యగారి ఇంటికి పోయింది. అన్న దుకాణంలో ఉన్నాడు.

"ఒక్కటడుగుత సుష్మా. నిజం సెప్పుతవా?"

"అడుగు వదినె."

"గా దినం మీ అన్న నిజంగనే తాగిండా?"

ఆమె పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

"దీని నెత్తి మీద ఒట్టు వెట్టిండు. ఒట్టు తప్పితె దీనికేమన్న అయితదేమోనని నాకు నిద్ర వడ్తలేదు. దినాం లేసి దీని ఒళ్ళు కాల్తున్నదా అని ముట్టి సూస్తున్న. ఆయనను అడిగితె మాట్లాడ్తలేడు. నాకెందుకు సంచి ఇయ్యలే అని నేను అడుగుతలేను. తాగిండా లేదా, గది ఒక్కటి సెప్పు."

తాగాడని చెప్పి ఊరుకుంటే ఆమె ఆ పిల్ల నుదురు ఇంకెన్నాళ్ళు తడుముతుందో తెలియదు. తాగలేదని చెబితే ఏమవుతుందో నాకు బాగానే తెలుసు. ఆమె కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి. ఆస్పత్రిలో ఉన్నప్పటి కంటే అధ్వానంగా ఉంది.

"లే వదినె. ఒక్క సుక్క ముట్టలే. పొద్దుగాల్నుంచి నా పక్కనే ఉన్నడు. చాయ్ తాగిండు, గంతే."

వదిన మొహం విప్పారింది. జ్వరం వచ్చినప్పటి నుంచి నేను చూసిన మొదటి నవ్వు అది. "ముట్టలేదా," అంది. "నాకెరుకే. ముట్టడు. ఆయన మాటంటె మాటే." వంగి నిద్రపోతున్న పిల్లను ముద్దు పెట్టుకుంది. కళ్ళు తుడుచుకొని, గబగబా ఒక వరస తంగేడు పూలు పేర్చింది.

రెండో వరసకు పూలు తీసుకున్న చెయ్యి ఆగింది.

ఆ పూల వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత నేను కట్టిన గునుగు అందుకొని, బతుకమ్మను పూర్తిగా పేర్చి, పైన గౌరమ్మను పెట్టింది. సాయంత్రం ఆటకు మాత్రం రాలేదు. ఒంట్లో సత్తువ లేదంది.

మరునాడు పిల్లను తీసుకొని మెండోర పోయింది. బతుకమ్మకు ఆడపిల్ల తల్లిగారింటికి పోవడం మా దగ్గర మామూలే కదా, ఎవరూ ఏమీ అనుకోలేదు. అమ్మ స్వయంగా చీరె పెట్టి, ఆఖరి రోజు సద్దుల నాటికి బాగా తిని రావాలె అని చెప్పి బస్సెక్కించింది.

సద్దులు అయిపోయాయి. ఆ బతుకమ్మ రోజుల్లోనే మా ల్యాబులో గిన్నె తిరిగే తీరు కుదిరి, కణాలు ఇదివరకెన్నడూ లేనంతగా తునకలు వదిలాయి. అందరూ కేకు కోశారు. ప్రొఫెసరు నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించాడు. నేనూ నవ్వాను. ఇంటికి ఫోన్ చేసి చెప్పలేదు.

దసరాకు వెళ్ళేసరికి వదిన ఇంకా రాలేదు. ఫోన్ చేస్తే, అన్నం తిన్నారా అని అడిగి, పిల్లకు ఫోన్ ఇచ్చేస్తోందట. అన్న గట్టిగా అడిగితే ఒకటే అన్నదట. నువ్వు తాగలేదట గద అని.

అమ్మ నన్ను గడపలోనే పట్టుకుంది. "ఏం సెప్పినవే దానికి?"

"అన్న తాగలేదని సెప్పిన."

"గది సెప్పే మాటనా? దునియకు నెత్తురు పోస్తవు గని అన్న సంసారం ముంచినవు. పో, నువ్వే తోల్కరా పో."

ఆ మాటతో నాకు ఒక సంగతి తేలిపోయింది. అన్న తాగలేదని అమ్మకు మొదటి నుంచీ తెలుసు.

పండుగ మరునాడు అన్న మోటార్‌సైకిల్ మీద ఇద్దరం మెండోర పోయాం. అక్కడి నుంచి అటే హైదరాబాద్ పోదామని నా సంచీ వెంట తెచ్చుకున్నాను. ఆర్మూర్ దాటాక అన్న ముందుకే చూస్తూ అన్నాడు.

"నాకు సూదంటె భయమే. నీకెరుకే గద."

"ఎరుకే."

"ఒక్క మాట తాగిండని అంటె ఏం పోతుండె నీకు?"

పిల్ల నుదురు తడిమే వదినను అన్న చూడలేదు. చూసినా అదే అడిగేవాడని నా అనుమానం.

వదిన వాకిట్లో పసుపు కొమ్ములు ఉడకబెట్టే కడాయి బోర్లించి తోముతోంది. మమ్మల్ని చూసి లేచి, కాళ్ళకు నీళ్ళిచ్చింది. ఆమె తల్లి హన్మవ్వ చాయ్ తెచ్చింది. అన్న జమ్మి ఆకు తీసి పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళకద్దుకొని కొంగున ముడేసుకుంది. మర్యాద ఏదీ తప్పలేదు. కాస్త కండ పట్టింది, మొహంలో నెత్తురు తిరిగింది. నాకు ఆశ కలిగింది.

"మీ ల్యాబు తునకలు ఎంతదాక అచ్చినయ్ సుష్మా?" అని నన్నే ముందు అడిగింది.

"ముందటి కన్న చాన ఎక్కువ అస్తున్నయ్ వదినె. ఇంకా టైం వడుతది."

"జల్ది రానీ. ఎవ్వలను బతిలాడే పని లేకుంట ఉంటది."

అన్న చాయ్ కప్పు కింద పెట్టాడు. "పోదాం పా. పిల్లకు బడి సురువైతది," అన్నాడు.

వదిన కొంగున వేసిన ముడి సరిచేసుకుంది.

"భయమైంది సుమలతా. సూది సూస్తె నాకు కండ్లు తిరుగుతయ్."

"భయమైందని నాతోని సెప్పద్దా? నేనే అద్దందును," అంది వదిన. కోపంగా అనలేదు. "గంతమందిల, నాకిచ్చిన ఒట్టును అడ్డం వెట్టుకున్నవు. నేను సస్తనో బతుకుతనో అన్నప్పుడు గది నీకు అక్కరకచ్చింది."

"తప్పయింది. ఇగ ఎన్నడు తాగ, ఇంకో ఒట్టు పెట్టమంటె పెడుత."

ఆమె అన్న మొహంలోకి చూసింది. తన మాట ఆయనకు ఎక్కలేదని అప్పుడు ఆమెకు పూర్తిగా అర్థమైందనుకుంటాను.

"గా దినం నువ్వు తాగినోనివైతె అస్తుంటి," అంది.

లేచి మళ్ళీ కడాయి దగ్గరికి పోయింది. హన్మవ్వ మా ముగ్గురిలో ఎవరి వైపు చూడాలో తెలియక ఖాళీ కప్పులు తీసుకొని లోపలికి నడిచింది. వినీత పక్కింటి పిల్లలతో ఆడుకుంటూ అన్నకు చెయ్యి ఊపింది.

తిరుగుదారిలో బాల్కొండ దగ్గర హైవే ఎక్కాక అన్న వైన్స్ ముందు బండి ఆపాడు. ఇంజిన్ ఆపలేదు, నన్ను దిగమని అనలేదు, హ్యాండిల్ పట్టుకొని ఆ దుకాణం వైపు చూస్తూ కూర్చున్నాడు. అద్దన్నా అని ఒక్క మాట అంటే ఆగేవాడేమో. ఆ మాట అనాల్సినామె మెండోరలో కడాయి తోముకుంటోంది. నేను సంచి భుజానికి వేసుకొని దిగి, రోడ్డు దాటి, హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డాను.